పథ్యానికి తూకం: మూర్ఛవ్యాధి, ఉపవాసం, రియాద్‌లో తేలిన ఒక విటమిన్ కథ

మూర్ఛవ్యాధి చరిత్రపై వచ్చిన గ్రంథాలలో ఓవ్సే టెమ్కిన్ రచించిన ‘ది ఫాలింగ్ సిక్‌నెస్’కు ప్రత్యేక స్థానం ఉంది. 1945లో తొలిసారి వెలువడి, 1971లో సవరించిన ముద్రణగా మళ్ళీ వచ్చిన ఈ పుస్తకం గ్రీకుల కాలంతో మొదలై, పంతొమ్మిదో శతాబ్దం చివర ఆధునిక నాడీవైద్యం కళ్ళు తెరుస్తున్న వేళ ముగుస్తుంది. ఆహారంతో మూర్ఛను అదుపు చేసే ప్రయత్నం ఆసుపత్రులలోకి అడుగుపెట్టింది సరిగ్గా ఆ తరువాతనే. ఆ కథలో ఒక ముఖ్యమైన అధ్యాయం సౌదీ అరేబియా రాజధానిలో నడిచింది. మూర్ఛ ఉన్న బిడ్డకు ఏం పెట్టాలి, ఏం మాన్పించాలి అన్నది తల్లిదండ్రులు వైద్యుడిని అడిగే మొదటి ప్రశ్నలలో ఒకటి. దానికి ఇరవై నాలుగు శతాబ్దాలుగా వచ్చిన జవాబులను వరుసగా పెట్టి చూస్తే, అవి ఎక్కడ తప్పాయో, ఎక్కడ బిడ్డను నిజంగా కాపాడాయో తెలుస్తుంది.

హిప్పోక్రటీస్ పేర చెలామణీ అయ్యే ‘పవిత్ర వ్యాధి’ అనే గ్రంథం క్రీస్తుపూర్వం 400 ప్రాంతానిది. మూర్ఛ దేవతల శాపం కాదనీ, తక్కిన రోగాల వంటిదేననీ, దాని స్థానం మెదడనీ తేల్చిచెప్పిన రచన అది. అందులో ఆనాటి భూతవైద్యులు విధించే పథ్యాల పట్టిక ఒకటి ఉంది. కొన్ని జాతుల చేపలు, మేక, జింక, పంది మాంసాలు, కోడి, గువ్వ, పుదీనా, ఉల్లి, వెల్లుల్లి తినరాదు. నల్లబట్ట కట్టరాదు. మేకతోలు మీద పడుకోరాదు. గ్రంథకర్త ఈ పట్టికను ఎగతాళి చేసి ఊరుకోలేదు, దానిని రెండు ప్రశ్నలతో పరీక్షకు పెట్టాడు. మేకమాంసం వల్ల మూర్ఛ వచ్చేటట్లయితే, మేకలే ఆధారంగా బతుకుతూ మేకతోళ్ళే పరచుకునే లిబియా లోతట్టు ప్రజలందరికీ ఆ జబ్బు ఉండాలి కదా? తిండి వల్ల వచ్చి తిండి మానితే పోయేదైతే, ఇక అందులో దేవుడి ప్రమేయం ఎక్కడిది? పథ్యాన్ని విశ్వాసం నుండి విడదీసి లెక్కకు నిలబెట్టిన తొలి ఉదాహరణలలో ఇదొకటి.

మన వైద్యం ఈ జబ్బును అపస్మారం అంది. స్మృతి తొలగిపోవడం అని దాని అర్థం. అరబ్బీ వైద్యులు దీనిని ‘సర్‌అ’ అన్నారు, అంటే పడద్రోయడం. ఒకరు లోపల జరిగిన దానిని చూసి పేరు పెట్టారు, మరొకరు బయట కనిపించిన దానిని చూసి పెట్టారు. ఇబ్న్ సీనా తన ‘కానూన్’లో దీనిని మెదడు వ్యాధులలో చేర్చి వివరించాడు. చరకసంహిత చికిత్సాస్థానంలో అపస్మారానికి ఒక అధ్యాయమే ఉంది. పంచగవ్య ఘృతం, బ్రాహ్మీ ఘృతం వంటి నేతిమందులు అక్కడ ప్రధానంగా కనిపిస్తాయి. కొవ్వుతో మూర్ఛను అదుపు చేయడం నేటి వైద్యంలో ఉన్నదే కాబట్టి, ఆ రహస్యం మనవాళ్ళకు ముందే తెలుసని అనడం ఈ మధ్య ఎక్కువైంది. ఆ మాట నిలవదు. అన్నంతోనో పాలతోనో చెంచాడు నెయ్యి తీసుకున్నంత మాత్రాన శరీరం ఇంధనం మార్చుకోదు. పిండిపదార్థం దాదాపు పూర్తిగా ఆగిపోయినప్పుడే ఆ మార్పు జరుగుతుంది. చరకుని నెయ్యి మూలికల సారాన్ని మోసే వాహకం. ఇప్పటి ఆహారచికిత్సలో కొవ్వే మందు. రెండింటినీ ఒకటి చేస్తే ఇద్దరికీ అన్యాయం చేసినట్టే.

ఉపవాసంతో మూర్ఛ తగ్గుతుందన్న మాట కూడా పాతదే. దానిని ఆధునిక వైద్యుల ముందు తొలిసారి పెట్టింది పారిస్‌కు చెందిన గ్వెల్పా, మారీ. 1911లో వారు 20 మంది రోగుల అనుభవాన్ని ప్రకటించారు. అప్పటికి మూర్ఛకు ఉన్న మందు 1857 నుండి వాడుకలో ఉన్న బ్రోమైడ్ ఒక్కటే. అది మూర్ఛతో పాటు మనిషి చురుకుదనాన్నీ అణచివేసేది. ఫీనోబార్బిటాల్ ప్రభావాన్ని హాప్ట్‌మన్ ప్రకటించింది 1912లో. మందులు ఇంత తక్కువగా ఉన్న కాలంలో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో హ్యూ కాంక్లిన్ అనే ఆస్టియోపతీ వైద్యుడు పిల్లలకు నీళ్ళు మాత్రమే ఇచ్చి మూడు వారాలకు పైగా పస్తులుంచడం మొదలుపెట్టాడు. పేగులలో పుట్టే విషం మెదడుకెక్కి మూర్ఛ వస్తుందని ఆయన సిద్ధాంతం. సిద్ధాంతం తప్పు. అయినా కొందరు పిల్లలకు పస్తున్నన్నాళ్ళూ మూర్ఛలు ఆగడం మాత్రం నిజం. వైద్యచరిత్రలో ఇటువంటి వింతలు తరచు కనిపిస్తాయి. కారణం తప్పుగా ఊహించినవాడి చేతికే ఫలితం ముందుగా చిక్కుతుంది. కాని ఏ బిడ్డనూ ఎల్లకాలం పస్తుంచలేం.

న్యూయార్క్ వైద్యుడు రాల్ గేలిన్ 1921లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ సభలో ఉపవాస చికిత్స ఫలితాలను వివరించారు. అంతకుముందే, 1919లో, చార్లెస్ హౌలాండ్ అనే న్యాయవాది మూర్ఛతో బాధపడుతున్న తన కుమారుడి కోసం, ఉపవాసం లోపల ఏం చేస్తుందో తేల్చమని 5000 డాలర్లు ఇచ్చాడు. ఆయన సోదరుడు జాన్ హౌలాండ్ జాన్స్ హాప్కిన్స్‌లో శిశువైద్య ఆచార్యుడు. ఆ పరిశోధనలో భాగంగా జేమ్స్ గాంబుల్, ఆయన సహచరులు పస్తున్న పిల్లల శరీరంలోని నీటి, లవణాల లెక్కలు కట్టారు. ఈనాడు వాంతులు, విరేచనాలతో వచ్చిన బిడ్డకు ఎక్కించే సెలైన్ వెనుక ఉన్న జ్ఞానానికి ఆ లెక్కలు పునాదిరాళ్ళలో ఒకటి. మూర్ఛ ఉన్న ఒక బాలుడి కోసం తండ్రి పెట్టిన ఖర్చు మరెందరో పిల్లలకు అక్కరకొచ్చింది.

ఉపవాసంలో పిండిపదార్థం అందక శరీరం కొవ్వును కరిగించుకుంటుంది. అప్పుడు కీటోన్లు అనే పదార్థాలు రక్తంలో చేరి మెదడుకు ఇంధనమవుతాయి. పస్తు లేకుండానే, కొవ్వు ఎక్కువగా, పిండిపదార్థం బాగా తక్కువగా ఉన్న భోజనంతో ఇదే స్థితి తేవచ్చని 1921లో రోలిన్ వుడ్యాట్ గమనించారు. అదే ఏడాది మేయో క్లినిక్‌లో మధుమేహ వైద్యుడు రసెల్ వైల్డర్ ఆ భోజనాన్ని మూర్ఛరోగులపై ప్రయత్నించి చూడాలని ప్రతిపాదించి, దానికి ‘కీటోజెనిక్’ అని పేరు పెట్టారు. 1924, 25 నాటికి అక్కడే పీటర్మన్ దానికి కొలతలు స్థిరపరిచారు. బిడ్డ బరువులో ప్రతి కిలోకూ ఒక గ్రాము మాంసకృత్తులు, రోజు మొత్తానికి 10 నుండి 15 గ్రాముల పిండిపదార్థం, మిగిలినదంతా కొవ్వు. కప్పుడు అన్నంలో దాదాపు 45 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. రెండు మూడు చిన్న ఖర్జూరాలతోనే ఆ రోజు లెక్క ముగిసిపోతుంది. పథ్యం చరిత్రలో మలుపు ఇక్కడే ఉంది. అంతవరకు పథ్యమంటే ‘ఇది కూడదు, అది కూడదు’ అనే నిషేధం. పీటర్మన్ చేతిలో అది గ్రాములలో తూచి ఇచ్చే మోతాదు అయింది.

1938లో మెరిట్, పట్నం ఫెనిటాయిన్‌ను వెలుగులోకి తెచ్చారు. మాత్ర మింగడం తేలిక, వంటింట్లో తక్కెడ పెట్టుకోవడం కష్టం. ఆహారచికిత్స క్రమంగా మూలపడింది. 1971లో హటన్‌లాకర్ ఒక ప్రత్యేకమైన నూనెతో దానిని కొంత సులభం చేసినా, కొద్ది ఆసుపత్రులలో తప్ప అది నిలవలేదు. 1993లో హాలీవుడ్ దర్శకుడు జిమ్ అబ్రహామ్స్ కుమారుడు చార్లీకి ఏడాది వయసులో మూర్ఛలు మొదలయ్యాయి. ఎన్ని మందులు మార్చినా, చివరకు శస్త్రచికిత్స చేసినా అవి ఆగలేదు. ఈ పాత ఆహారం సంగతి తండ్రికి వైద్యుల ద్వారా కాక, గ్రంథాలయంలో తానే వెతికి చదివిన పుస్తకాల వల్ల తెలిసింది. జాన్స్ హాప్కిన్స్‌లో జాన్ ఫ్రీమన్, డైటీషియన్ మిలిసెంట్ కెల్లీల పర్యవేక్షణలో ఆ ఆహారం మొదలైన కొద్ది రోజులకే చార్లీ మూర్ఛలు ఆగాయి. 1994లో అబ్రహామ్స్ ఆ బిడ్డ పేర ఒక సంస్థ స్థాపించారు. 1997లో మెరిల్ స్ట్రీప్ ప్రధానపాత్రగా ఈ ఇతివృత్తంపైనే ఒక చిత్రం తీశారు.

అయితే ఒక బిడ్డ కథ ఎంత హృదయంగమమైనా అది రుజువు కాదు. రుజువు 2008లో లండన్‌లో దొరికింది. గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రికి చెందిన ఎలిజబెత్ నీల్, హెలెన్ క్రాస్ బృందం, మందులకు లొంగని మూర్ఛ ఉన్న 145 మంది పిల్లలను రెండు వర్గాలుగా చేసి పరీక్షించింది. మూడు నెలలు గడిచేసరికి ఆహారం తీసుకున్నవారిలో 38 శాతం మందికి మూర్ఛలు సగానికి పైగా తగ్గాయి. ఇంకా మొదలుపెట్టని వర్గంలో అలా తగ్గింది 6 శాతం మందికే. 2013లో ఢిల్లీలోని ఎయిమ్స్‌లో, తక్కెడ అవసరం అంతగా లేని సవరించిన అట్కిన్స్ ఆహారాన్ని 102 మంది పిల్లలపై పరీక్షించినప్పుడు ఆ సంఖ్యలు 52, 11.5 శాతంగా తేలాయి. అన్నం, రొట్టె ప్రాణంగా బతికే ఇళ్ళలోనూ గుడ్లు, పనీరు, వెన్న, మీగడ, కొబ్బరితో ఈ చికిత్స సాధ్యమేనని దానివల్ల నిరూపణ అయింది. ఈ అంకెలకు రెండోవైపు కూడా ఉంది. దాదాపు సగం మందికి ఆహారం ఆశించినంత పని చేయలేదు. పైగా మలబద్ధకం, మూత్రపిండాలలో రాళ్ళు, ఎదుగుదల మందగించడం వంటి ఇబ్బందులున్నాయి. ఆ భోజనంలో విటమిన్లు, కాల్షియం చాలవు కాబట్టి విడిగా ఇవ్వక తప్పదు. దగ్గుమందు సిరప్‌లోని చక్కెరను కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇంతవరకు చెప్పుకున్నది మూర్ఛకు కారణం ఏదైనా అందరికీ ఒకే రీతిగా ఇచ్చే ఆహారం. 1991లో డారిల్ డివీవో, ఆయన సహచరులు ప్రకటించిన ఇద్దరు పిల్లల వృత్తాంతం మరో దారి చూపింది. ఆ పిల్లల రక్తంలో చక్కెర సరిగానే ఉంది, వెన్నునీటిలో మాత్రం తక్కువ. చక్కెరను మెదడులోకి చేర్చే వాహకం లోపించడమే కారణం. ఇటువంటి బిడ్డకు కీటోజెనిక్ ఆహారం ఊరట మాత్రమే కాదు, అసలు చికిత్సే. ఒక ద్వారం మూసుకుపోతే మరో ద్వారం గుండా ఇంధనం పంపినట్టు. దీనికి చాలా ముందు, 1954లో, ఏ మందుకూ లొంగని ఒక శిశువు మూర్ఛలు పైరిడాక్సిన్‌తో, అంటే బి6 విటమిన్‌తో, ఆగిన సంగతి హంట్ బృందం ప్రకటించింది. ఆ శిశువుకు భోజనంలో విటమిన్ తక్కువ కాలేదు. శరీరతత్వమే ఆ విటమిన్‌ను అసాధారణ మోతాదులో కోరుతోంది. మూసిన ద్వారం, అసాధారణ మోతాదు అనే ఈ రెండు ఆలోచనలూ కలిసిన చోటు రియాద్.

కింగ్ ఫైసల్ స్పెషలిస్ట్ ఆసుపత్రి 1975లో ప్రారంభమైంది. దేశం నలుమూలల నుండి అంతుపట్టని జబ్బులున్న పిల్లలు అక్కడికి చేరేవారు. దగ్గరి బంధువుల మధ్య పెళ్ళిళ్ళు సగానికి పైగా ఉన్న సమాజం కావడంతో, అరుదైన జన్యులోపాలు అక్కడ అంత అరుదు కావు. 1998లో పినార్ ఓజాండ్, ఆయన సహచరులు ‘బ్రెయిన్’ పత్రికలో పది మంది పిల్లల జబ్బును వర్ణించారు. అప్పటివరకు ఆడుతూ పాడుతూ ఉన్న బిడ్డ జ్వరం వంటి చిన్న కారణంతో మంచం పడుతుంది. అయోమయం, మాట ముద్దకావడం, మింగలేకపోవడం, ఆపై కాళ్ళూ చేతులూ బిగుసుకుపోవడం. మూర్ఛలూ ఈ జబ్బులో భాగమే. ఎమ్మారై తీస్తే మెదడు లోతులో రెండు వైపులా సమంగా దెబ్బ కనిపిస్తుంది. జీవరసాయన పరీక్షలన్నీ సవ్యంగానే వస్తాయి. అటువంటి బిడ్డకు బరువులో కిలోకు రోజుకు 5 నుండి 10 మిల్లీగ్రాముల బయోటిన్ ఇస్తే కొద్ది రోజులలోనే లక్షణాలు మాయమయ్యాయి. బయోటిన్ ఆపితే నెల తిరక్కుండా మళ్ళీ వచ్చాయి. ఆలస్యంగా గుర్తించిన పిల్లలకు మాత్రం కాళ్ళ బలహీనత, బుద్ధిమాంద్యం వంటివి మిగిలిపోయాయి. జుట్టు ఊడకుండా అంగళ్ళలో కొనుక్కునే విటమిన్ బిళ్ళకూ, ఒక బిడ్డ జీవితానికీ మధ్య ఇంత దగ్గరి సంబంధం ఉండగలదని తేలింది.

కథ అక్కడితో ముగిసి ఉంటే ఒక అందమైన అద్భుతంగా మిగిలిపోయేది. బయోటిన్‌ను మెదడుకు చేర్చే వాహకం లోపించి ఉండవచ్చని ఓజాండ్ బృందం ఊహించింది. 2005లో జన్యువు దొరికింది. తీరా చూస్తే అది బయోటిన్ వాహకం కాదు. ఎస్ఎల్‌సి19ఎ3 అనే ఆ జన్యువు తయారుచేసేది థయామిన్ వాహకాన్ని, అంటే బి1 విటమిన్‌ను కణంలోకి చేర్చే ద్వారాన్ని. 2013లో రియాద్‌లోనే మాజిద్ అల్‌ఫద్‌హల్ బృందం 18 మంది రోగుల వివరాలు పరిశీలించింది. బయోటిన్ మాత్రమే తీసుకున్నవారిలో 30 శాతానికి పైగా మళ్ళీ జబ్బుపడ్డారు, థయామిన్ కలిపిన తరువాత కుదుటపడ్డారు. జబ్బు పేరులో థయామిన్‌ను కూడా చేర్చాలని వారు సూచించారు. 2015లో బ్రాహిం తబార్కీ బృందం 20 మంది పిల్లలలో రెండు విటమిన్లు కలిపి ఇవ్వడాన్నీ, థయామిన్ ఒక్కటే ఇవ్వడాన్నీ పోల్చింది. తీవ్రదశలో రెండూ కలిపితే కోలుకోవడం కాస్త వేగంగా ఉంది. దీర్ఘకాలంలో తేడా కనిపించలేదు. తమ నగరానికి పేరు తెచ్చిన ఆవిష్కరణను అదే నగరపు వైద్యులు పదిహేనేళ్ళకు తిరిగి పరీక్షించి, సరిదిద్దారు. రియాద్ అధ్యాయంలో బయోటిన్‌ను కనుగొనడం ఎంత గొప్పదో, ఈ సరిదిద్దడం అంత గొప్పది.

థయామిన్ అనగానే తెలుగు చరిత్ర గుర్తుకు రావాలి. ఆ విటమిన్ లోపం వల్ల వచ్చే బెరిబెరి ఒకప్పుడు ఉత్తర సర్కారులను పీడించిన జబ్బు. మద్రాసు సైన్యంలో వైద్యుడైన జాన్ గ్రాంట్ మాల్కమ్‌సన్ 1835లో దానిపై ప్రత్యేక గ్రంథమే ప్రచురించాడు. విటమిన్ అనే మాటే లేని కాలం అది. తవుడంతా పోయేటట్లు మరపట్టిన పచ్చిబియ్యం తినడమే అందుకు మూలమని, ఉప్పుడు బియ్యం తినేచోట ఆ బెడద తక్కువని ఇరవయ్యో శతాబ్దంలో కూనూరు పోషకాహార పరిశోధనాలయం శాస్త్రజ్ఞులు తేల్చారు. 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, తరువాత జాతీయ పోషకాహార సంస్థగా పేరుపొందినది ఆ పరిశోధనాలయమే. సర్కారు జిల్లాలలో థయామిన్ కంచంలో లేదు. రియాద్ పిల్లలకు కంచంలో ఉంది, కణం గుమ్మం దాటలేదు. విటమిన్ ఒకటే, లోపాలు వేరు. మొదటిదానికి బియ్యం మార్చితే చాలు. రెండోదానికి ఏ బియ్యం మార్చినా చాలదు, మూసుకున్న గుమ్మాన్ని దాటేటంత మోతాదు కావాలి, అదీ జీవితాంతం.

మేనరికాలు వాడుకగా ఉన్న తెలుగు సమాజానికి ఈ సౌదీ కథ పరాయిది కాదు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకే లోపాన్ని మోస్తున్నప్పుడు బిడ్డకు నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉండే జబ్బులివి. రియాద్‌లో వర్ణించిన జబ్బు తరువాత భారతదేశంలోనూ నమోదైంది. సౌదీ అరేబియా 2005లో నవజాత శిశువులకు జీవక్రియా లోపాల పరీక్షలు మొదలుపెట్టింది. బయోటిన్‌తో నయమయ్యే మరో జబ్బు, బయోటినిడేజ్ లోపం, ఆ జాబితాలో ఉంది. అది మూర్ఛకు దారితీసే జబ్బే. పుట్టిన వారంలో గుర్తించి విటమిన్ ఇస్తే ఆ బిడ్డకు ఆ మూర్ఛలు రావు.

అయినా జెద్దాలోనైనా, దమ్మాంలోనైనా, గుంటూరులోనైనా మూర్ఛ ఉన్న బిడ్డ ఇంటికి సలహాలు వేరే దారిన వస్తాయి. మన వైపు తాళాల గుత్తి చేతిలో పెట్టడం, తాయెత్తు కట్టడం. సౌదీలో నల్లజీలకర్ర నూనె, తేనె. వీటి వెనుక ఉన్న ప్రేమను, భక్తిని చులకన చేయనవసరం లేదు. నల్లజీలకర్ర సారాన్ని ఇరాన్‌లోని మష్‌హద్ వైద్యులు పిల్లలపై పరీక్షించి 2007లో కొంత ఆశాజనకమైన ఫలితం ప్రకటించారు. తరువాత ఈజిప్టులో దాని నూనెతో జరిగిన పరీక్షలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. పరీక్షకు పెట్టడమే దానికి ఇవ్వగల నిజమైన గౌరవం. ప్రమాదం సీసాలోని నూనెలో కంటే, ఆ సీసాను నమ్ముకుని మాత్రలు హఠాత్తుగా ఆపేయడంలో ఉంది. అలా ఆపిన మందు ఎడతెగని మూర్ఛకు దారితీసి ప్రాణం మీదికి తెస్తుంది. కీటోజెనిక్ ఆహారాన్ని వైద్యుడి పర్యవేక్షణ లేకుండా మొదలుపెట్టడమూ అంతే. కొవ్వును ఇంధనంగా మార్చుకోలేని జన్యులోపం ఉన్న బిడ్డకు అదే భోజనం విషమవుతుంది. ఒకరికి ప్రాణం పోసిన వెన్నముద్ద మరొకరి ప్రాణం తీయగలదు కాబట్టే, మొదలుపెట్టే ముందు రక్తపరీక్షలు తప్పనిసరి.

ఆహారమే ఔషధమన్న మాట సభలలో బాగానే వినిపిస్తుంది. మూర్ఛ చరిత్ర ఆ మాటను కొట్టివేయదు, దానికి కొన్ని షరతులు పెడుతుంది. ఏ బిడ్డకు, ఏ కారణానికి, ఎన్ని గ్రాములు, ఎన్నాళ్ళు, పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్నలకు జవాబున్నప్పుడు పథ్యం మందవుతుంది. లేనప్పుడు గ్రీకు భూతవైద్యుడి పట్టికకూ దానికీ తేడా ఉండదు. ఇక వైద్యుల వైపు నుండి మరో షరతు ఉంది. రెండు మందులు సరిగా వాడినా మూర్ఛ ఆగని బిడ్డ విషయంలో, ఆహారచికిత్స గురించీ విటమిన్‌తో లొంగే జబ్బుల గురించీ తల్లిదండ్రులు అడిగేవరకు ఆగకూడదు. చార్లీ తండ్రికి గ్రంథాలయం అందుబాటులో ఉంది, చదివి తెలుసుకున్నాడు. అటువంటి అవకాశం లేని తండ్రుల సంఖ్యే ఎక్కువ. రియాద్ పిల్లలలో కోలుకున్నవారికీ, కాళ్ళు పడిపోయినవారికీ మధ్య తేడా ఎక్కువగా తెచ్చింది విటమిన్ అందిన వేళ.